శ్రీశైలం వెనుక జలాల నుంచి హైకోర్టు దాకా: చేపల కేసుల్లో అసలు తగాదా ఎక్కడుంది?

రాయలసీమకు సముద్రం లేదు కాబట్టి చేపల వేట చట్టాలు కోస్తా వాళ్ళ తలనొప్పి అని చాలామంది అనుకుంటారు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లా పేజీలు వరుసగా చదివేవాళ్ళ దగ్గర ఆ మాట నిలవదు. కృష్ణా వెనుక జలాల్లో అలివి వలలు (సన్నటి కన్నుల పొడవాటి వలలు) పట్టుకున్నారని ఒక వార్త, చెరువు లీజు రద్దు చేశారని మత్స్యకారుల ధర్నా అని ఇంకో వార్త, వేలం ఆపాలంటూ హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను నేరుగా హైకోర్టులో సవాలు చేసే పిటిషన్) అని మరో వార్త. దీనికి తోడు 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు చేపల పడవల కేసులో ఇచ్చిన తీర్పు గురించి లా చదివే పిల్లలు తెగ మాట్లాడుకున్నారు. ఇంతకీ చేపలకూ ప్రభుత్వ ఉత్తర్వులకూ ఏమిటి సంబంధం? ఇలాంటి కేసులు చూసే లాయరు రోజూ చేసే పనేమిటి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కేసుల్లో చేప గురించి జరిగే వాదన చాలా తక్కువ. ‘ఈ నిర్ణయం తీసుకునే అధికారం మీకు ఎవరిచ్చారు, ఏ పద్ధతిలో తీసుకున్నారు’ అన్న ప్రశ్న చుట్టూనే కేసంతా తిరుగుతుంది. ప్రభుత్వ అధికారి చేతిలోని అధికారానికి హద్దులు చెప్పే న్యాయశాస్త్ర భాగాన్నే పరిపాలనా చట్టం అంటారు. ఇది ఒకే పుస్తకంలో దొరికే చట్టం కాదు. రాజ్యాంగం, రకరకాల చట్టాలు, కోర్టు తీర్పులు కలిసి తయారైనది.

సీమ నీళ్ళకు ఏ చట్టం వర్తిస్తుంది?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో చేపల పరిశ్రమ రాష్ట్ర జాబితాలో 21వ అంశం. ప్రాదేశిక జలాలకు అవతల జరిగే వేట కేంద్ర జాబితాలో 57వ అంశం. అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపలి సముద్రం, నదులు, రిజర్వాయర్లు, చెరువులు రాష్ట్రం చేతిలోవే. తీరానికి 1994లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అని మనం వినేది ఆ తీరం సంగతి. సీమలోని సుంకేసుల, మైలవరం లాంటి రిజర్వాయర్లకు దానితో పని లేదు.

మన నీళ్ళకు ఇప్పటికీ ఆధారంగా ఉన్న పాత చట్టం 1897 నాటి భారత మత్స్య చట్టం. కర్నూలు, కడప, అనంతపురం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. డైనమైట్ పేల్చి గానీ నీళ్ళలో విషం కలిపి గానీ చేపల్ని చంపడం నేరమని ఆ చట్టం చెప్పింది. అప్పట్లో రాసిన శిక్ష 2 నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. అయితే దాని అసలు బలం ఆరో సెక్షన్‌లో ఉంది. ఏ రకం వల వాడాలి, దాని కొలత ఎంత ఉండాలి, ఎలా వేయాలి అన్నదానిపై రాష్ట్ర ప్రభుత్వం రూల్స్ చేసుకోవచ్చు. ఎంపిక చేసిన జలాల్లో 2 ఏళ్ళకు మించకుండా వేటను పూర్తిగా ఆపేయవచ్చు. రూల్ మీరి వాడిన వలల్ని, పట్టిన చేపల్ని స్వాధీనం చేసుకునే ఏర్పాటు కూడా చేయవచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే నీటి మీద నాలుగైదు శాఖల చెయ్యి ఉంటుంది. నీళ్ళు ఎప్పుడు వదలాలో జలవనరుల శాఖ చూస్తుంది. చేపపిల్లలు, లైసెన్సులు మత్స్యశాఖవి. ఊరి చిన్న చెరువైతే పంచాయతీ వస్తుంది. మత్స్యకారుల సంఘం పుట్టుక, ఎన్నిక, రద్దు అన్నీ 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందికి వస్తాయి. శ్రీశైలం వైపు వెళ్తే పులుల అభయారణ్యం ఉంది కాబట్టి అటవీశాఖ కూడా కలుస్తుంది. మామూలుగా చెరువుల్ని సంఘాలకు లీజుకిస్తారు, పెద్ద రిజర్వాయర్లలో మనిషికింత అని లైసెన్సు ఇస్తారు. ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని ఇంకో శాఖ కాదంటే పుట్టే కేసులే ఎక్కువ.

చేపలు పట్టే హక్కు ఎలాంటి ఆస్తి?

నీళ్ళలో తిరిగే చేప ఎవరి సొత్తూ కాదు, పట్టినవాడిదే అని మామూలుగా అనుకుంటాం. చట్టం అలా చూడదు. ఒడిశాలోని చిలికా సరస్సు మీద 1955లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఆనంద బెహరా కేసు దీనికి మూలం. పారికుద్ రాజా దగ్గర కొందరు మత్స్యకారులు డబ్బు కట్టి, రాబోయే సంవత్సరాలకు వేట హక్కు కొనుక్కున్నారు. ఈలోగా జమీందారీలు రద్దయ్యాయి, సరస్సు ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ ఒప్పందాలు మాకు పట్టవు అంది ప్రభుత్వం. ఒకరి నీటిలోకి దిగి చేపలు పట్టుకుపోయే హక్కు స్థిరాస్తి నుంచి వచ్చే లాభం లాంటిదనీ, 100 రూపాయలు దాటితే రాతపూర్వకంగా, రిజిస్టర్ చేసి ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. వాళ్ళది నోటిమాట ఒప్పందం. ఓడిపోయారు.

ఎప్పటిదో తీర్పు కదా అని తీసేయకండి. చెరువు దగ్గర ఈ రోజుకీ సగం వ్యవహారం నోటిమాట మీదే నడుస్తుంది. ‘సారు ఈ ఏడు మీకే అన్నాడు’ అన్న మాట కోర్టులో నిలబడదు.

జీవో, మెమో, ప్రొసీడింగ్స్: ఏది దేనికి లోబడాలి?

శాసనసభ చేసేది చట్టం. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం రాసేవి రూల్స్. వాటికింద జీవోలు. మెమో అంటే వివరణ. జిల్లా అధికారి సంతకంతో వచ్చేది ప్రొసీడింగ్స్. కింద ఉన్నది పైదాన్ని దాటకూడదు. మెమోతో రూల్ మార్చడం కుదరదు, జీవోతో చట్టాన్ని మార్చడం అసలే కుదరదు. చూడ్డానికి చిన్న విషయమే గానీ కేసులు గెలిచేది చాలాసార్లు ఈ మెట్ల లెక్కలోనే.

అధికారి నిర్ణయాన్ని సవాలు చేసినప్పుడు కోర్టు చూసేవి మూడు. ఆయనకు ఆ అధికారం ఉందా? నోటీసిచ్చి, చెప్పుకోవడానికి అవకాశమిచ్చి, కారణాలు రాశాడా? తెలివున్న మనిషెవరూ తీసుకోని నిర్ణయమా ఇది? చెరువు ఎవరికిస్తే ఊరికి మంచిదన్నది కోర్టు తేల్చదు. టెండర్ల మీద 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇదే: నిర్ణయం తీసుకున్న తీరును పరీక్షిస్తాం, అప్పీలు అధికారుల్లా కూర్చుని మా నిర్ణయం పెట్టం.

ఒక రద్దు ఉత్తర్వును విప్పి చూద్దాం

పత్తికొండ వైపు ఒక ఊరి చెరువు అనుకుందాం. ఊరు, మనుషులు కల్పితమే. బెస్త కుటుంబాల సంఘానికి ఒక ఫసలీకి లీజు ఉంది. ఫసలీ అంటే జులై 1 నుంచి జూన్ 30 దాకా లెక్కేసే సంవత్సరం. ఆగస్టులో చెరువు నిండింది. సంఘం అప్పు తెచ్చి 2 లక్షల రూపాయల బొచ్చె, రాగండి, బంగారుతీగ పిల్లల్ని వదిలింది. డిసెంబరు మొదటి వారంలో ఒక కాగితం వచ్చింది. అందులో మొత్తం సారం ఇంతే: ‘పై సూచికలో తెలిపిన ఫిర్యాదుపై విచారణ జరుపగా లోపములు ఉన్నట్లు తేలినందున, సదరు సంఘమునకు ఇచ్చిన లీజు ఇందుమూలముగా రద్దు చేయడమైనది.’

అనుభవమున్న లాయరు ముందు కింద సంతకం చూస్తాడు. లీజు ఇచ్చిన అధికారి ఒకరు, రద్దు చేసినవారు ఇంకొకరు అయితే, ఆ రెండో అధికారికి ఆ శక్తి ఏ రూల్ ఇచ్చిందో వెతుకుతాడు. తర్వాత పైన ఉన్న ‘సూచిక’ వరుస చూస్తాడు. అందులో ఫిర్యాదు తేదీ ఉంది, విచారణ నివేదిక తేదీ ఉంది, సంఘానికి ఇచ్చిన షోకాజ్ నోటీసు మాత్రం లేదు. అంటే ఇవతలి పక్షం మాట వినకుండానే తేల్చేశారన్నమాట. ‘లోపములు’ ఏమిటో కూడా కాగితంలో ఎక్కడా లేదు.

సంఘం హైకోర్టుకు వెళ్తే, ప్రభుత్వం తరఫు న్యాయవాది కౌంటర్ (జవాబు అఫిడవిట్) వేస్తారు. ఆ సంఘం చెరువును కర్నూలు వ్యాపారికి లోపాయికారీగా అప్పగించిందని, సబ్‌లీజు చేయకూడదన్న షరతు మీరిందని అందులో మొదటిసారి చెబుతారు. నిజమే కావచ్చు. సంఘాల పేరుతో వ్యాపారులు చెరువులు నడిపించడం సీమలో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేని సంగతి. కానీ 1978లో రిపోర్టయిన మొహీందర్ సింగ్ గిల్ తీర్పు ప్రకారం, ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలబడాలి. తర్వాత అఫిడవిట్‌లో కొత్త కారణాలు తగిలించి దాన్ని నిలబెట్టలేరు.

అయితే సంఘం గెలిచినట్టేనా? ఇక్కడ రెండు మలుపులున్నాయి.

‘మీకు సహకార చట్టంలోనే వేరే దారి ఉంది, అక్కడికి వెళ్ళండి’ అని ప్రభుత్వం అంటుంది. ఇది బలమైన అభ్యంతరమే. కానీ సహజ న్యాయం, అంటే నోటీసిచ్చి అవతలి మాట వినడం, పాటించనప్పుడు, అధికార పరిధే లేనప్పుడు రిట్ నేరుగా వినవచ్చని 1998 నాటి వర్ల్‌పూల్ కేసు చెబుతుంది.

రెండోది ఇంకా కష్టం. నోటీసు ఇవ్వకపోవడం ఒక్కటే చాలదు, దానివల్ల నష్టం జరిగిందని చూపాలని 2020లో సుధీర్ కుమార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సబ్‌లీజు సంగతి ఒప్పుకున్నదే అయితే, నోటీసు ఇచ్చినా ఫలితం మారేది కాదు కదా అని అధికారులు వాదించవచ్చు. కాబట్టి లాయరు ‘నోటీసు రాలేదు’ అని ఆగిపోకూడదు. నోటీసు వచ్చి ఉంటే చేపపిల్లల్ని కొన్న రసీదులు, సంఘం బ్యాంకు ఖాతా, వేటకు దిగినవారి హాజరు చూపించేవాళ్ళం అని రికార్డు పెట్టాలి.

అన్నీ బాగుండి కోర్టు ఉత్తర్వును కొట్టేసినా, చివరి వాక్యం ఎక్కువగా ఇలా ఉంటుంది: నోటీసిచ్చి, వాదన విని, ఇన్ని వారాల్లో కొత్తగా నిర్ణయం తీసుకోండి. గెలుపే, కానీ మళ్ళీ అదే ఆఫీసుకు. ఈలోగా ఫిబ్రవరి దాటుతుంది, పొలాలకు నీళ్ళు వదులుతారు, చెరువు అడుగు కనిపిస్తుంది. పిల్లలు వేసి ఆరేడు నెలలు అయితే కిలో దగ్గరికి వచ్చే చేపను నీళ్ళు ఉండగానే పట్టాలి. అందుకే ఈ కేసుల్లో తుది తీర్పుకన్నా మధ్యంతర ఉత్తర్వే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఉత్తి స్టే అడగడం కన్నా, మత్స్యశాఖ అధికారి సమక్షంలో చేపలు పట్టి, అమ్మిన డబ్బును వేరే ఖాతాలో వేయమని అడగడం తెలివైన పని. ఎవరు గెలిచినా డబ్బు మిగులుతుంది.

అలివి వలల తగాదా: ఎవరి మాటలో ఎంత న్యాయం?

కొత్తపల్లి మండలం సంగమేశ్వరం నుంచి ముచ్చుమర్రి, నెహ్రూనగర్ దాకా కృష్ణ ఒడ్డున ఏళ్ళ తరబడి నడుస్తున్న గొడవ ఇది. అలివి వల చాలా పొడవు, కన్ను మాత్రం దోమతెర అంత సన్నం. కొందరు దాన్ని నీళ్ళలో చుట్టూ తిప్పి ఒడ్డుకు లాగుతారు. అందులో పెద్ద చేపతో పాటు వేలెడంత పిల్లలన్నీ వచ్చేస్తాయి. వాటిని ఒడ్డున బండల మీద ఎండబెట్టి ఎండుచేపగా అమ్ముతారు. ప్రభుత్వం వదిలిన పిల్లలూ అందులోనే పోతాయి.

స్థానిక మత్స్యకారులది పుట్టి, విసురు వల, కట్టు వల బతుకు. లైసెన్సు మాది, చేప మాత్రం వాళ్ళది అన్న వాళ్ళ కోపంలో న్యాయముంది. వలస వచ్చినవాళ్ళలో ఉత్తరాంధ్ర తీరం కుటుంబాలున్నాయి. సముద్రంలో చేప తగ్గి, వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, గుడారాల్లో పిల్లలతో ఉంటున్నవాళ్ళు. దేశంలో ఎక్కడైనా బతికే హక్కు, వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం తమకూ ఇచ్చిందని వాళ్ళు అంటే అదీ తప్పు కాదు.

చట్టం ఈ ముడిని ఎలా విప్పుతుంది? కేరళలో పర్స్ సీన్ వలల (చేపల గుంపును చుట్టేసి అడుగు బిగించే పెద్ద వలల) మీద 1994లో రిపోర్టయిన జోసెఫ్ ఆంటొనీ తీర్పు దగ్గరి ఉదాహరణ. సంప్రదాయ మత్స్యకారుల బతుకు, చేపల సంతతి కాపాడటానికి కొన్ని రకాల వలల్ని నిషేధించడం వృత్తి హక్కు మీద సమంజసమైన పరిమితే అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన వలను నిషేధించవచ్చు. మనిషిని ‘నువ్వు ఫలానా జిల్లావాడివి’ అని వెళ్ళగొట్టడానికి మాత్రం ఆ తీర్పు ఊతం ఇవ్వదు. ఈ తేడా పోలీసులకూ, స్థానిక నాయకులకూ తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది.

దాడి చేసి వలలు కాల్చేయడం కూడా చూస్తుంటాం. స్వాధీనం చేసుకునే అధికారం వేరు, అక్కడికక్కడే తగలబెట్టే అధికారం వేరు. రెండోదానికి ఏ రూల్ ఉందో చూపించమని అడిగే హక్కు ఆ వల యజమానికి ఉంది. అతడు చేసింది తప్పే అయినా సరే.

పైగా నది అవతలి ఒడ్డు తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా. ఇటు దాడి జరిగితే పడవ అటు వెళ్తుంది. నీరు ఒకటే, మత్స్యశాఖలు రెండు.

సంఘానికా, వేలానికా?

100 హెక్టార్లు దాటిన చెరువులకు బహిరంగ వేలం పెట్టే విధానాన్ని నెల్లూరు జిల్లాలో ప్రయోగంగా మొదలుపెట్టడానికి 2021లో వచ్చిన 217 జీవో మీద రాష్ట్రమంతా గొడవైంది. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వ మంత్రివర్గం దాన్ని రద్దు చేయాలని నిర్ణయించింది. వేలం మంచిదన్నవారి వాదన: సంఘాలకు నామమాత్రపు ధరకు ఇస్తే లాభం చాటున ఉన్న వ్యాపారికే పోతోంది, అదేదో బాహాటంగా వేలం వేస్తే ఖజానాకూ సంఘానికీ వాటా వస్తుంది. వద్దన్నవారి వాదన: వేలంలో బెస్తవాడు వ్యాపారితో పాట పాడలేడు, తన చెరువులో తానే కూలీ అవుతాడు.

న్యాయపరంగా రెండూ సాధ్యమే. ప్రభుత్వం తన చేతిలోని వనరుల్ని ఇష్టారాజ్యంగా పంచకూడదని 1979లో రమణ దయారాం శెట్టి కేసు చెప్పింది. అలాగని వేలమే ఏకైక మార్గం కాదని 2012లో 2జీ స్పెక్ట్రం తీర్పు తర్వాత రాష్ట్రపతి అడిగిన సలహాకు జవాబిస్తూ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బలహీనులకు తక్కువ ధరకు ఇవ్వడం తప్పు కాదు, ఆ ఉద్దేశం నిజంగా నెరవేరుతుంటే. సంఘం సభ్యత్వ జాబితా సరిగా ఉందా లేదా అన్నదే నాకు అసలు పరీక్షగా కనిపిస్తుంది. వల ఎన్నడూ పట్టనివాళ్ళు జాబితాలో ఉంటే సంఘం పక్షాన ఏ వాదనా నిలవదు.

అమెరికా పడవల కేసు మనకు ఏం చెబుతుంది?

అక్కడ 1976 నాటి మాగ్నసన్-స్టీవెన్స్ చట్టం ప్రకారం, పట్టిన చేప లెక్క చూడటానికి ప్రభుత్వ పరిశీలకుల్ని పడవల్లో ఎక్కించవచ్చు. అట్లాంటిక్‌లో హెర్రింగ్ చేపలు పట్టే పడవలు ఆ పరిశీలకుడి జీతం కూడా కట్టాలని 2020లో అక్కడి మత్స్యశాఖ రూల్ తెచ్చింది. రోజుకు 710 డాలర్ల దాకా అవుతుందని అంచనా. చట్టంలో కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఇలా వసూలు చేయమని లేదు. చట్టం స్పష్టంగా లేనప్పుడు శాఖ చెప్పిన అర్థం సమంజసమైతే కోర్టులు ఒప్పుకోవాలన్న 1984 నాటి షెవ్రాన్ సూత్రం మీద కింది కోర్టులు శాఖ పక్షాన తీర్పిచ్చాయి. మొదట్లో చెప్పిన 2024 నాటి తీర్పు, అంటే లోపర్ బ్రైట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే కొట్టేసింది. చట్టానికి అర్థం చెప్పడం జడ్జీల పని అంది. నిపుణులు తేల్చాల్సిన విషయాల్లో ఇక జడ్జీల పెత్తనం పెరుగుతుందని జస్టిస్ ఎలెనా కేగన్ అసమ్మతి తెలిపారు.

మన దగ్గర షెవ్రాన్ లాంటి కచ్చితమైన సూత్రం ఎప్పుడూ లేదు. వల కన్ను ఎంత ఉండాలన్న సాంకేతిక విషయంలో కోర్టులు శాఖ మాట వింటాయి, చట్టం అర్థం దగ్గర మాత్రం తామే తేలుస్తాయి. కాబట్టి ఆ తీర్పు వచ్చిందని ఇక్కడ ఏదీ మారదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: ఈ ఫీజు వసూలు చేయమని చట్టంలో ఎక్కడుంది?

ఈ దారిలో లాయరు బతుకు ఎలా ఉంటుంది?

అమెరికాలో 8 ప్రాంతీయ మత్స్య మండళ్ళు, వాటికి న్యాయ సలహాదారులు, పడవల యజమానుల తరఫు సంస్థలు ఉన్నాయి. ఒక లాయరు జీవితమంతా చేపల నియంత్రణ మీదే గడపవచ్చు. కర్నూలులోనో అనంతపురంలోనో చేపల కేసులు మాత్రమే చూసి ఇల్లు నడపడం కష్టం. కానీ రేషన్ డీలర్‌షిప్ రద్దు, బేతంచెర్ల నాపరాళ్ళ క్వారీ లీజు, ఇసుక రీచ్, సహకార బ్యాంకు పాలకవర్గం రద్దు, వీటన్నిటికీ కావాల్సిన విద్య అదే. ఒక రద్దు ఉత్తర్వును చదవడం వచ్చినవాడికి మిగతావీ వస్తాయి.

పనిలో ఎక్కువ భాగం కోర్టు బయటే. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల గడువుతో ఫైలు నోట్స్ అడగడం, సంఘం మినిట్స్ బుక్ సరిగా రాయించడం, షోకాజ్ నోటీసుకు బదులు రాయడం. ఆ బదులు బాగా రాస్తే చాలాసార్లు రిట్ దాకా పోదు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం జీవోల్ని వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసినప్పుడు ఈ పని చేసేవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో తెలిసినవాళ్ళకే తెలుసు. సవాలు చేయాల్సిన కాగితమే చేతికి రాదు. 2024లో మళ్ళీ పెట్టడం మొదలైంది.

మామూలు సివిల్ దావా వేయాలంటే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద 2 నెలల నోటీసు ఇవ్వాలి. అర్జెంటు ఉందని కోర్టు అనుమతి తెచ్చుకుంటే తప్ప ఆ రెండు నెలల్లో చెరువు సగం అయిపోతుంది. అందుకే అందరూ రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్‌కే వెళ్తారు. రిట్ అంటే హైకోర్టు ఉన్న అమరావతికి వెళ్ళాలి, అది కర్నూలు నుంచి 300 కిలోమీటర్ల పైమాటే. ఇక్కడి లాయరు కాగితాలు సిద్ధం చేసి అక్కడి లాయరుకు పంపడం, వాదన వాళ్ళు చేయడం మామూలైపోయింది. ఆన్‌లైన్ ఫైలింగ్, వీడియో విచారణలు వచ్చాక దూరం పెద్ద విషయం కాదని కొందరంటారు. ఫైలింగ్ వరకు ఆ మాట ఒప్పుకుంటాను. సంఘం పెద్ద రసీదుల సంచి పట్టుకుని ఎదురుగా కూర్చుని ‘ఇది ఏ తేదీ, ఇది ఎవరి సంతకం’ అని ఒక్కొక్కటి చెప్పే పని ఫోన్‌లో సాగదు. వాదించే మనిషి ఆ మాటలు స్వయంగా విని ఉంటే మధ్యంతర ఉత్తర్వు అడిగే తీరే వేరుగా ఉంటుంది.

కర్నూలులో హైకోర్టు బెంచ్ పెట్టాలని 2024 నవంబరులో శాసనసభ తీర్మానం చేసింది. తీర్మానంతోనే బెంచ్ రాదు. 2014 నాటి పునర్విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ప్రధాన కేంద్రం కాకుండా వేరే చోట జడ్జీలు ఎక్కడ కూర్చోవాలన్నది గవర్నర్ ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించాలి.